హెడ్‌సెట్ తీశాక అందరూ "బాగుందండి" అనే అంటున్నారు, లోపల ఉండగానే అడగడం ఎలా?

కొమ్మాది కుర్రాడు

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మేం నలుగురం, మధురవాడలో చిన్న ఆఫీసు. ఓడల రిపేరు పనులు చేసే ఒక కాంట్రాక్టరు కోసం వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీ) సేఫ్టీ ట్రైనింగ్ తయారుచేస్తున్నాం. ఓడ అడుగున బ్యాలస్ట్ ట్యాంకులోకి (ఓడ నిలకడ కోసం నీళ్ళు నింపే ట్యాంకు) దిగడం అన్నమాట. మ్యాన్‌హోల్ మూత తీసి, బ్లోయర్ పెట్టి, గ్యాస్ మీటరుతో ఆక్సిజన్ చూసి, పర్మిట్ మీద సంతకాలు అయ్యాక, పైన ఒక మనిషిని కాపలా పెట్టి అప్పుడు దిగాలి. ఇదంతా క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో పన్నెండు నిమిషాల సీను.

పోయిన వారం గాజువాకలో ఒక హాలు మాట్లాడుకుని రెండు రోజులు 22 మంది చేత చేయించాం. వెల్డర్లు, ఫిట్టర్లు, గ్రైండింగ్ వాళ్ళు, ఇద్దరు పెయింటర్లు. హెడ్‌సెట్ తీయగానే పక్క టేబుల్ మీద ఫోన్‌లో ఫారం నింపాలి. అందరూ వాడే ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్, వాడటం ఎంత సులువో కొలిచే ఫారం) పది ప్రశ్నలనే మేమే తెలుగులోకి మార్చి పెట్టాం. జవాబులు చూస్తే మేమేదో అద్భుతం చేసినట్టే ఉంది, సగటు 5కి 4.8! "ఇంకా ఏమైనా చెప్పాలా" అన్న చోట "బాగుంది", "చాలా బాగుంది సార్", "సూపర్", ఒకాయన అయితే దణ్ణం పెట్టే బొమ్మ.

కానీ బయట లాప్‌టాప్‌లో కాస్టింగ్ (హెడ్‌సెట్‌లో కనిపించేదే తెర మీద చూపించడం) పెట్టుకుని మేం చూస్తూనే ఉన్నాం కదా. దాదాపు సగం మంది గ్యాస్ మీటరు ముట్టుకోకుండా మూత దగ్గర అలా నిలబడిపోయారు. ఒకాయన నిమిషం సేపు గేటు వైపు చూస్తూనే ఉన్నాడు. ఎందుకు ఆగిపోయారని తర్వాత అడిగితే "అబ్బే, ఏం లేదండి, బాగుంది". ఇంకొకాయన ముఖం పాలిపోయి చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "ఏటీ కాలేదు బాబూ" అనేసి రెండు గ్లాసుల నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ ఫారంలో కూడా అన్నీ అయిదులే.

అందుకని ఫారం బయట కాకుండా వీఆర్ లోపలే పెడదామనుకుంటున్నాం. ఎక్కడ ఆపి అడగాలి, ఎన్ని అడగాలి, తెలుగు అక్షరాలు లోపల చదవగలరా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. క్లయింటుకేమో రిపోర్టులో ఒక "స్కోరు" కావాలట, అదో టెన్షన్.

రుషికొండ రీసెర్చి

ముందు ఒక చిన్న బాంబు. మీ 4.8ని క్లయింటుకి పంపించారా? పంపకపోతే ఆపండి.

ఎస్‌యూఎస్‌లో బేసి ప్రశ్నలు మెచ్చుకునే మాటలు (మంచివి), సరి ప్రశ్నలు తప్పుపట్టే మాటలు (చెడ్డవి), పూర్తిగా ఒప్పుకుంటే 5, అసలు ఒప్పుకోకపోతే 1. రెండోది "అనవసరంగా కష్టంగా ఉంది", నాలుగోది "ఎవరో ఒకరి సాయం లేకపోతే వాడలేను", అలాగ. బేసి ప్రశ్నకి వచ్చిన అంకెలోంచి 1 తీసేస్తారు, సరి ప్రశ్నకి వచ్చిన అంకెని 5లోంచి తీసేస్తారు, అన్నీ కలిపి 2.5తో గుణిస్తారు. ఇప్పుడు ఒక మనిషి పదింటికీ 5 కొట్టాడనుకోండి, మొత్తం 100కి 50 వస్తుంది. అన్నిటికీ 3 కొట్టినా 50. అన్నిటికీ 1 కొట్టినా 50 😀 జాన్ బ్రూక్ 1986లో దీన్ని తయారుచేసినప్పుడు మంచివి ఒకటి, చెడ్డవి ఒకటి ఇలా మార్చి మార్చి పెట్టింది చదవకుండా టిక్కు కొట్టేవాళ్ళ కోసమే. మామూలుగా సగటు 68 అంటారు. అంటే మీ "అద్భుతం" సగటుకన్నా కిందే ఉంది. నిజానికి అది స్కోరే కాదు, వాళ్ళు ప్రశ్నలు చదవలేదని చెప్పే కాగితం.

వాళ్ళ తప్పు కూడా కాదు. "ఈ వ్యవస్థలో అసంగతత్వం ఎక్కువగా ఉందని భావించాను" లాంటి తెలుగు రాస్తే (రాశారు కదా? నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు రాశాను) పన్నెండు నిమిషాలు ట్యాంకులో తిరిగొచ్చిన వెల్డరు ఏం చేస్తాడు, అయిదు కొట్టి టీ తాగడానికి పోతాడు.

లోపల అడగడం మంచిదే. హెడ్‌సెట్ తీసిన క్షణంలో మనిషి ఇంకో లోకంలోకి వచ్చేస్తాడు. కళ్ళకి వెలుతురు కొడుతుంది, నుదుటి మీద చెమట తుడుచుకోవాలి, ఫోన్‌లో మిస్డ్ కాల్స్ చూసుకోవాలి, చుట్టూ నలుగురు నవ్వుతూ "ఎలా ఉందిరా" అంటుంటారు. మూడో నిమిషంలో ఎక్కడ తికమక పడ్డాడో అప్పుడు గుర్తుండదు. కానీ ఆ పది ప్రశ్నలనీ ఎత్తుకెళ్ళి లోపల గోడకి అంటించకండి. ఒక పని పూర్తయిన చోట ఒకే ఒక్క ప్రశ్న, సీను మొత్తానికి మూడు దాటకుండా. పని మధ్యలో అసలు ఆపొద్దు, మీటరు చేతిలో పట్టుకున్న మనిషిని ఆపి "ఇది సులువుగా ఉందా" అంటే ఆ పనే మర్చిపోతాడు.

ఇంకోటి, 22 మందిని ఒకేసారి పిలవడం దండగ. అయిదుగురితో చేయించండి, దొరికినవి సరిచేయండి, మళ్ళీ కొత్త అయిదుగురు. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాటే, పాతదే, తప్పులు పట్టుకోవడానికి ఇప్పటికీ పనిచేస్తుంది. స్కోరు కావాలంటే మాత్రం అయిదుగురు చాలరు, ఆ సంగతి క్లయింటుకి ముందే చెప్పేయండి.

మురీ మిక్చర్

మా బావ చేత బీచ్ రోడ్డులో ఒక వీఆర్ రోలర్ కోస్టర్ ఎక్కించాను. దిగాక "బాగుంది" అన్నాడు. ఇంటికెళ్ళి రాత్రి భోజనం మానేశాడు. మనవాళ్ళ "బాగుంది"కి అర్థం "నన్ను వదిలెయ్" అని.

పిక్సెల్ పులస

బ్రో, తెలుగు అక్షరాల సంగతి నేను చెప్తా, ఆరు నెలలు ఏడ్చాను దాంతో.

యూనిటీయే (ఆటలు, వీఆర్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) కదా వాడుతున్నారు? అందులో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్‌ప్రోలో తెలుగు ఫాంటు పెట్టగానే అక్షరాలు వస్తాయి, అబ్బో అనుకుంటాం, తర్వాత "ఆక్సిజన్" అని రాస్తే కకారం కింద సావత్తు ఉండాల్సిన చోట పొల్లు వేలాడుతూ పక్కన ఇంకో అక్షరం. ఒత్తులూ గుణింతాలూ ఒకదాంతో ఒకటి కలిపే పని అది చేయదు. ప్లగిన్లు ఉన్నాయి గానీ నేను చేసిన మొరటు పద్ధతి ఏంటంటే, ప్రశ్నలు ఎలాగూ మూడే కాబట్టి వాటిని బయట బొమ్మలుగా తయారుచేసుకుని పీఎన్‌జీగా లోపల అతికించేయడం. ఒక్క పదం మార్చాలంటే మళ్ళీ బొమ్మ చేసుకోవాలి, చిరాకే, కానీ ఒత్తులు మాత్రం సరిగ్గా ఉంటాయి.

సైజు: రెండు మీటర్ల దూరంలో బోర్డు పెడితే అక్షరం ఎత్తు అయిదారు సెంటీమీటర్లు ఉండాలి. ఇంగ్లీషుకి సరిపోయిన సైజు తెలుగుకి సరిపోదు, ఒత్తు కింద ఇరుక్కుపోయి మసకగా కనిపిస్తుంది, పైగా మీ జనాల్లో చత్వారం కళ్ళజోళ్ళు పెట్టుకునేవాళ్ళు కూడా ఉంటారు. బోర్డుని తలకి అంటించొద్దు, తల తిప్పితే అది కూడా తిరుగుతూ వస్తుంటే ముఖం మీద ఈగ వాలినట్టు ఉంటుంది, కడుపులో తిప్పడం కూడా మొదలవుతుంది. సీనులో ఎక్కడో ఒక చోట నిలబెట్టేయండి. మీది షిప్‌యార్డు సీను కదా, పర్మిట్లు అంటించే నోటీసు బోర్డు ఎలాగూ ఉంటుంది, ప్రశ్న దాని మీదే రానివ్వండి.

స్లైడర్లు వద్దు. కంట్రోలర్ కిరణం చేతితోపాటు వణుకుతుంది, 7 దగ్గర ఆపాలనుకుంటే 9 దగ్గర ఆగుతుంది, అక్కడ వదిలేస్తారు. పెద్ద పెద్ద బటన్లు మూడో అయిదో పెట్టండి. ఇంకా బాగుండాలంటే అసలు బటన్లే వద్దు. మేం ఒక కిచెన్ డెమోలో రెండు బకెట్లు పెట్టాం, పచ్చది, ఎర్రది. "ఈ పని మళ్ళీ చేయమంటే ఒక్కరే చేయగలరా" అని గొంతు వినిపిస్తుంది, చేతిలో ఉన్న బంతిని ఏదో ఒక దాంట్లో వేయాలి. జనం నవ్వుకుంటూ వేశారు. ఎర్ర బకెట్ దగ్గరికి వెళ్ళి ఆగి, మళ్ళీ పచ్చదాంట్లో వేసినవాళ్ళు ముగ్గురు. ఆ ఆగడం ఉంది చూశారూ, అదే అసలు జవాబు. ఫారంలో దానికి గడి ఉండదు.

కాబట్టి లాగ్ రాసుకోండి: తల ఎటు తిరిగింది, చెయ్యి దేన్ని పట్టుకుంది, దేన్ని పట్టుకోబోయి వదిలేసింది, ఎంతసేపు కదలకుండా ఉన్నారు, అన్నిటికీ టైము. హెడ్‌సెట్‌లోనే సీఎస్‌వీ ఫైలుగా పడేస్తే సాయంత్రం కేబుల్ పెట్టి లాక్కోవచ్చు. పోయినసారి మీవాళ్ళు నిలబడిపోయింది ఏ సెకనులోనో మీ దగ్గర ఉందా అసలు?

కొమ్మాది కుర్రాడు

@రుషికొండ రీసెర్చి మేడమ్, నిన్న సాయంత్రమే పంపించేశాను 🙈 ఇప్పుడు ఫోన్ చేసి చెప్పాలి. "అసంగతత్వం" అన్న మాట నిజంగానే రాశాం, మీరు మా ఆఫీసులో కెమెరా ఏమైనా పెట్టారా?

@పిక్సెల్ పులస లాగ్ లేదన్నా. కాస్టింగ్ వీడియో కూడా రికార్డు చేయలేదు, చూశాం అంతే. బకెట్ల ఐడియా కొట్టేస్తున్నా.

సేఫ్టీ బాబాయ్

ఓడల రిపేరులో ఇరవై ఎనిమిదేళ్ళు సేఫ్టీ చూసి రిటైరైనవాణ్ణి, ఈ వీఆర్ గోల నాకు తెలీదు, మా మనవడు చూపిస్తే ఈ చర్చ చదివాను. మనుషుల సంగతి మాత్రం నాకు తెలుసు కాబట్టి రెండు ముక్కలు.

బాబూ, ఆ హాల్లో వాళ్ళ సూపర్‌వైజరు ఉన్నాడా లేడా? ఉన్నాడనే నా అనుమానం. ఉంటే నువ్వు లోపల అడుగు, బయట అడుగు, చంద్రమండలం మీద అడుగు, "బాగుంది" అనే అంటారు. రోజు కూలీ మీద బతికేవాడు, కాంట్రాక్టరు తెచ్చిన సామాను బాగాలేదని కాంట్రాక్టరు మనిషి ముందు ఎలా అంటాడు. ముందు ఆయన్ని టీకి పంపించు.

రెండోది, "మీకు ఎలా ఉంది" అని అడక్కు. తనకి కష్టమైందని మనవాడు ఒప్పుకోడు. "మీతో పాటు కొత్తగా చేరిన కుర్రాడికి ఇది పెడితే ఎక్కడ తడబడతాడు?" అని అడుగు. వాడి మీద పెట్టి తన కష్టాలన్నీ చెప్తాడు. నేను ట్రైనింగ్ ఇచ్చినన్నాళ్ళూ ఇలాగే రాబట్టేవాణ్ణి. ఇంకా కావాలంటే, ఒకడు చేసి వచ్చాక తర్వాతవాడికి వాడి చేతే చెప్పించు, పక్కన కూర్చుని విను. "ఒరేయ్ అక్కడ ఆ మీటరు పక్కన ఉంటాది, ముందు కనపడదు, నాకూ కనపడలేదు" అని వాడి నోటితోనే వస్తుంది.

మూడోది కళ్ళు తిరగడం. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. చెమటలు పట్టినాయన ఆ తర్వాత బండి మీద ఇంటికెళ్ళాడా? నేషనల్ హైవే మీద లారీల మధ్యన? తిరిగింది అని మగాడు చెప్పడు బాబూ, పడవ మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాడైతే అసలు చెప్పడు. పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, సర్దుకున్నాడో లేదో చూసి పంపించు.

ఇంకొకటి కూడా అడగాలి గానీ... నీ సీనులో గ్యాస్ చూసేది ఎవరు? దిగేవాడేనా?

ఏయూ ఔట్‌గేట్

బాబాయ్ గారు చెప్పిన మూడోదానికి కొలతలు ఉన్నాయి. ఎస్‌ఎస్‌క్యూ అని, సిమ్యులేటర్‌లో కళ్ళు తిరగడం, వికారం కొలిచే ఫారం, 1993 నాటిది, అమెరికా నేవీ పైలట్ల సిమ్యులేటర్ల అనుభవంలోంచి వచ్చింది, 16 లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 3. అది ముందొకసారి, తర్వాతొకసారి నింపించాలి, బయటే. లోపల అయితే 2011లో వచ్చిన ఎఫ్‌ఎంఎస్ పద్ధతి సులువు, ఎంత తిప్పుతోందో నిమిషానికోసారి 0 నుంచి 20 లోపు ఒక అంకె నోటితో చెప్పాలి, చదివేది ఏమీ లేదు. 20 మరీ ఎక్కువ అనుకుంటే 10కి తగ్గించుకోండి, కానీ రిపోర్టులో దాన్ని ఎఫ్‌ఎంఎస్ అనకండి.

ఇక అసలు విషయానికి కొంచెం అడ్డు తగులుతాను. లోపల అడిగితే నిజాలు రాలిపోతాయనుకోవడం భ్రమ. 2019లో గ్లాస్గోలో జరిగిన కై సదస్సులో (మనుషులు కంప్యూటర్లని వాడే తీరు మీద జరిగేది) ఒక పేపర్ వచ్చింది, "నిజంగా అక్కడ ఉన్నట్టు అనిపించిందా" అనే రకం ప్రశ్నలు వీఆర్ లోపలా బయటా అడిగి పోల్చారు. సగటు మార్కులు మారలేదు. లోపల అడిగితే జవాబుల్లో హెచ్చుతగ్గులు కొంత నిలకడగా ఉండొచ్చు అన్నారు, అంతే. కాబట్టి అదే ఫారాన్ని లోపలికి మారిస్తే అదే 4.8 మళ్ళీ వస్తుంది. లోపల అడగడం వల్ల లాభమల్లా, ఆగిపోయిన ఆ నిమిషంలోనే "ఎందుకు ఆగారు" అనగలగడం.

అలాగే లాగ్ రాయమని పులస అన్న తేలిగ్గా అనేశారు. 2023లో బర్కిలీ పరిశోధకులు ఒక వీఆర్ ఆట ఆడిన 50 వేలమందికి పైగా రికార్డులు తీసుకుని, తల, చేతుల కదలికలు 100 సెకన్లు చూసి, ఆ మనిషెవరో 94 శాతం సార్లు సరిగ్గా పట్టుకున్నారు. అంటే పేరు తీసేసి ఏ1, ఏ2 అని రాసుకున్నా సరే, ఆ ఫైలు ఎవరిదో చెప్పేయొచ్చు. కాంట్రాక్టరు "ఎవడు సరిగ్గా చేయలేదో చెప్పు" అని అడిగిన రోజున ఏం చేస్తారు? 2023 డేటా రక్షణ చట్టం ఉంది, ఏం రికార్డు చేస్తున్నారో, ఎందుకో, ముందే వాళ్ళకి అర్థమయ్యే తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ముడి లాగ్‌లు క్లయింటుకి ఇవ్వబోమని ఒప్పందంలో కూడా రాయించుకోండి.

పిక్సెల్ పులస

@ఏయూ ఔట్‌గేట్ ఒప్పుకుంటున్నా, ఆ కోణం నేను ఆలోచించలేదు. అయితే సెకనుకి 72 సార్లు తల ఎక్కడుందో రాయక్కర్లేదు, "మీటరు చూశాడు, 14వ సెకను" అని సంఘటనలు మాత్రమే రాసుకుంటే మీరన్న ప్రమాదం చాలావరకు తగ్గుతుంది, ఫైలు కూడా చిన్నది.

కొమ్మాది కుర్రాడు

మూడు వారాల తర్వాత వచ్చా, సారీ. మళ్ళీ చేశాం, ఈసారి అయిదుగురే. సూపర్‌వైజరు గారిని మా పార్టనర్ కిందికి తీసుకెళ్ళి గంటన్నర కబుర్లు చెప్పాడు (మా అందరికన్నా కష్టమైన పని వాడిదే).

లోపల పెట్టినవి మూడే. ఎవరైనా 20 సెకన్లు ఏమీ ముట్టుకోకుండా ఉంటే మేస్త్రీ బొమ్మ ఒకటి పక్కకొచ్చి "దేనికోసం చూస్తున్నారన్నా?" అని అడుగుతుంది. గొంతు మా ఆఫీసు వాచ్‌మన్ గారిది, శ్రీకాకుళం యాస, అది పెట్టాక జనం బొమ్మతో నిజంగానే మాట్లాడేశారు, మైకులో రికార్డు అయింది. రెండోది బకెట్లు. మూడోది కళ్ళు తిరగడానికి, 0 అంటే నేల మీద ఉన్నట్టు, 10 అంటే తుఫానులో పడవ మీద ఉన్నట్టు అని చెప్పాం, వెంటనే అర్థమైంది. నిచ్చెన దిగే చోట ఇద్దరు 6, 7 అన్నారు. పోయినసారి 22 మందిలో ఒక్కరూ చెప్పలేదు! దిగేటప్పుడు మేం కెమెరాని జారుడుగా కిందికి దింపుతున్నాం, అది తీసేసి మెట్టు మెట్టుకీ ఆగేలా మార్చాం, ఇంకా చూడాలి.

ఇక మీటరు దగ్గర నిలబడిపోవడం. మేం మీటరు కనపడక అనుకుని దానికి పసుపు రంగు మెరుపు కూడా పెట్టాం, బాణం కూడా పెట్టాం. అయినా అయిదుగురిలో ముగ్గురు ఆగిపోయారు. మేస్త్రీ బొమ్మ అడిగితే ముగ్గురూ ఇంచుమించు ఒకటే మాట. ఒకాయన మాటల్లోనే: "సేఫ్టీ సారు రావాలి కదా. ఆయన మీటరు పెట్టి చూసి కాయితం మీద రాస్తే గదా మేం దిగీది. మేం ముట్టుకోకూడదు దాన్ని."

వాళ్ళకి అన్నీ తెలుసు. తప్పు మాది. గేటు వైపు చూస్తున్నది ఆ సేఫ్టీ సారు కోసం. సేఫ్టీ బాబాయ్ గారు చివర్లో అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చి తల బాదుకున్నాం.

సేఫ్టీ బాబాయ్

అందుకే అడిగాను. దిగే ముందు ట్యాంకు పరీక్షించడం దానికి నియమించిన మనిషి పని. ఆక్సిజన్ ఉండాల్సిన పరిమితికి తగ్గకూడదు, దాటకూడదు, మండే గ్యాసులు, విష వాయువులు కూడా చూడాలి, పైన ఒకసారి, మధ్యలో, అడుగున. దిగేవాడి ఒంటి మీద చిన్న మీటరు ఉంటే అది కూత పెట్టినప్పుడు బయటికి రావడానికి, పర్మిట్‌కి అది సరిపోదు. నీ సీను అలాగే వదిలేసుంటే, ఆగి చూడటం నేర్చుకున్న మంచి పనివాడి చేత ఆ అలవాటు మాన్పించేవాడివి. నిలబడిపోయినందుకు వాళ్ళకి మార్కులు ఎన్ని తగ్గించావు?

కొమ్మాది కుర్రాడు

ఒక్కొక్కరికి 20 బాబాయ్. "ఆలస్యం" కింద. తీసేశాం. ఇప్పుడు గేటులోంచి సేఫ్టీ సారు బొమ్మ వస్తుంది, మీటరు దించి చూసి పర్మిట్ చూపిస్తుంది, అది చదవకుండా దిగితేనే మార్కులు పోతాయి. ఆ బొమ్మ ఏం మాట్లాడాలో ఒకసారి మీకు చూపించాలి, ఈ ఆదివారం మీకు కుదిరితే మేమే వస్తాం.

@రుషికొండ రీసెర్చి మేడమ్, క్లయింటుకి ఫోన్ చేసి 4.8 వెనక్కి తీసుకున్నాను. పది నిమిషాలు సైలెంటుగా విని "అయితే ఇప్పుడు ఎంత" అన్నాడు. స్కోరు లేదు, ఆ ముగ్గురి మాటలు రికార్డింగులో వినండి అని చెప్పి, వాళ్ళని అడిగే, గొంతు మార్చి పంపించాను. ఇంకా ఏమీ అనలేదు.

మురీ మిక్చర్

"బాగుంది" అంటాడు చూడు.

కొమ్మాది కుర్రాడు

😀😀 ఇంకో చిన్న డౌట్, ఎవరికైనా తెలిస్తే. ఈ ఉక్కకి మూడో మనిషికల్లా హెడ్‌సెట్ స్పాంజి తడిసిపోతోంది, తర్వాతవాడు పెట్టుకోవాలంటే మొహం అదోలా పెడుతున్నాడు, ఏసీ గదిలోంచి బయటికి తెస్తే అద్దాల మీద మంచు కూడా పడుతోంది. క్వెస్ట్ 3కి సరిపోయే సిలికాన్ కవర్లు జగదాంబ వైపు ఏ షాపులోనైనా దొరుకుతాయా, లేక ఆన్‌లైనే దిక్కా?